మా జిరాక్స్ షాపు పిల్ల బీఎస్సీ అయిపోయింది, ఒక ఫ్లెక్సీ కొట్టిద్దామనుకుంటే..

నల్లగొండల గడియారం సెంటర్ నుంచి నడుచుకుంట వస్తే అయిదు నిమిషాలల్ల మా జిరాక్స్ షాపు. రెండు జిరాక్స్ మిషన్లు, ఒక కలర్ ప్రింటర్, లామినేషన్, స్పైరల్ బైండింగ్, మూడు కంప్యూటర్లు, అంతే మా ఆస్తి. పదహారేండ్లాయె పెట్టి. ఇన్నేండ్లల్ల షాపు కోసమని నేను కట్టిన ఫ్లెక్సీలు రెండే, ఒకటి ఓపెనింగ్ నాటిది, రెండోది 2024ల బతుకమ్మ పండుగ ముందర కట్టింది. ఆ రెండోదాని ముచ్చట రాద్దామని కూసున్న, జర పొడుగైతది, ఓపిక ఉంటే చదవండి. పిల్ల తన పేరు రాయొద్దన్నది, ఊరి పేరు గూడ వద్దు, మర్రిగూడ దిక్కు అని రాసుకో అన్నది. అందుకే మా పిల్ల, మా పిల్ల అనుకుంటనే పోత.

2021ల వచ్చింది మా షాపుకు. ఆ ఏడు కరోనాతోని ఇంటర్ సెకండియర్ పరీక్షలు రద్దు చేసి అందర్ని పాస్ చేసిండ్రు గదా, దోస్త్ కాడ మస్తు గిరాకి. డిగ్రీ అడ్మిషన్ మొత్తం దోస్త్ ఆన్‌లైన్‌లనే, రెండు వందలు కట్టి రిజిస్టర్ కావాలె, ఆధార్‌కు లింకున్న ఫోన్‌కు ఓటీపీ వస్తది, ఆ తర్వాత కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవాలె. ఈ పిల్లకు ఆధార్‌ల ఉన్న నంబరు వాళ్ల నాయన ఎప్పుడో పారేసుకున్న సిమ్ముది. నాలుగు సార్లు తిరిగింది. నాలుగోసారి వచ్చినప్పుడు నేను లోపల పేపర్ జామ్ తీస్తున్న, అప్పటికే ఇద్దరు పిల్లలు లైన్ల నిలబడి ఉన్నరు, ఈమె వాళ్లకు ఆప్షన్లు ఎట్ల పెట్టాల్నో చెప్తున్నది, తనది ఇంక కాకముందే. నేను చూసి నవ్విన. తనది అయిపోయినంక పైసలు ఇచ్చుకుంట "అన్నా, సాయంత్రం పూట ఏమన్న పని ఉంటదా ఇక్కడ" అని అడిగింది. మా ఇంట్ల వదిన ఏమంటదో అని (మా ఆవిడను పిల్లలందరు వదిన అనే పిలుస్తరు), ఫస్టు ఒక నెల చూద్దాం అన్న. ఆ నెల మూడేండ్లు అయింది.

పానగల్ రోడ్డుల వాళ్ల చిన్నమ్మ ఇంట్ల ఉండి చదువుకునేది. పొద్దున కాలేజీ, నాలుగు గంటల నుంచి ఎనిమిదిన్నర దాక మా షాపు, ఆదివారం పూర్తిగ. బీజెడ్‌సీ గ్రూపు, అంటే బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. జీతం నాలుగు వేల ఐదు వందలు ఇచ్చేటోన్ని, రెండో ఏడు ఇంకో వెయ్యి పెంచిన, అది గూడ మా ఆవిడ గొడవ పెడితే. స్కాలర్‌షిప్ రెన్యువల్స్, బస్ పాసులు, హాల్ టికెట్లు, ఏది ఇచ్చినా చేసేది. ఒక్కటే, నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి దిక్కు పిల్లలను చూసినోళ్లకు చెప్పక్కర్లేదు, పండ్ల మీద గోధుమ రంగు గీతలు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ బోరింగ్ నీళ్లవి. పండ్లు ఎదిగే వయసుల పడ్డ గీత, తర్వాత ఎన్ని మంచి నీళ్లు తాగినా పోదు.

ఇప్పుడు నా గురించి ఒక మాట చెప్పుకోవాలె, చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. జిరాక్స్ షాపులకు ప్రాజెక్టు సీజన్ అని ఒకటుంటది, సంక్రాంతి అయినంక మొదలై ఎండకాలం దాక. డిగ్రీ, పీజీ, ఎంబీఏ, బీటెక్ పిల్లలంతా ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్ చేపించుకుంటరు. అందుల పదింటికి ఎనిమిది పాతయే. పోయిన ఏడు బ్యాచ్‌ది సాఫ్ట్ కాపీ మా కంప్యూటర్ల ఉంటది, కొత్తోళ్లు వచ్చి "అన్నా ఏమన్న ప్రాజెక్టు ఉందా" అంటరు, పేరు మార్చి, హాల్ టికెట్ నంబర్ మార్చి, కాలేజీ పేరు ఫైండ్ రీప్లేస్ కొట్టి, సర్టిఫికెట్ పేజీ కొత్తది పెట్టి చేతిల పెడ్తం. మూడొందలో అయిదొందలో, గిరాకిని బట్టి. ఒకసారి ఒక ప్రాజెక్టుల అన్ని మార్చినం గాని లోపల ఫీల్డ్ విజిట్ ఫోటోల పాత బ్యాచ్ పిల్లలే నిలబడి నవ్వుతున్నరు, అదట్లనే సబ్మిట్ అయింది, మార్కులు గూడ పడ్డయ్. ఆ సీజన్ పైసలతోనే మూడు నెలల షాపు కిరాయి ఎల్లేది. నేనొక్కన్నే చేస్తున్ననా, అందరు చేసేదే అనుకునేటోన్ని. మా పిల్ల గూడ రెండేండ్లు ఆ ఫైండ్ రీప్లేస్ కొట్టింది, నేను చెప్పిన పని కాబట్టి. ఏమనలే ఎన్నడు.

మూడో ఏడు, అంటే 2023ల, వాళ్ల కాలేజీల జిజ్ఞాసకు పేర్లు ఇయ్యమన్నరంట. తెలియనోళ్లకు చెప్తున్న, గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ పిల్లల కోసం కాలేజీ విద్య కమిషనరేట్ వాళ్లు పెట్టే స్టూడెంట్ స్టడీ ప్రాజెక్టుల పోటీ అది. ఒక లెక్చరర్ కింద పిల్లలు టీముగ చేసుడు. వీళ్లు అయిదుగురు అయిండ్రు. టాపిక్ ఏందంటే మా దిక్కు తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్. నేను విన్నప్పుడు ఏమనుకున్ననంటే, ఇదేం కొత్తది, నల్లగొండల పుట్టినోనికి ఫ్లోరైడ్ గురించి కొత్తగ చెప్పేదేముంది, పేపర్లల్ల చదివి చదివి ఉన్నదే కదా అని. శివన్నగూడెం అంశల స్వామిని చూడనోళ్లు ఎవరున్నరు మా జిల్లాల, ఫ్లోరైడ్ నీళ్లతోని వంకర తిరిగిన ఆ కాళ్లు చేతులతోనే ఎన్ని మీటింగులల్ల మాట్లాడిండు. 2023 జనవరిల పోయిండు పాపం. దుశర్ల సత్యనారాయణ గారు జలసాధన సమితి పెట్టి ఎన్నేండ్లు కొట్లాడిండు. పైగా మా దగ్గర ఫ్లోరైడ్ మీద పాత ప్రాజెక్టులు మూడు ఉండె సాఫ్ట్ కాపీలు. నేనే అన్న, "ఎందుకు తిరుగుడు, మన దగ్గర ఉన్నయ్ గదా, ఒకటి తీసుకో, నీకు ఫ్రీ" అని. ఆ పిల్ల "చూస్త అన్నా" అన్నది. చూసింది గూడ. మూడింటిల ఒకటే టేబుల్, ఒకటే నంబర్లు, ఊర్ల పేర్లు మాత్రం వేరే వేరే. అది నాకు చూపెట్టి ఏమనకుండ పోయి లామినేషన్ చేసుకుంట కూసున్నది.

దసరా సెలవులల్ల అయిదుగురు కలిసి వాళ్ల మండలంల మూడూర్లు తిరిగిండ్రు. మా షాపుకెళ్లి స్టిక్కర్ లేబుల్స్ పట్టుకపోయింది, ప్లాస్టిక్ సీసాలు తనే జమ చేసుకున్నది. గాజు సీసాలు వద్దంట, ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్కే. సీసాను ఆ నీళ్లతోనే రెండు మూడు సార్లు కడిగి అప్పుడు పట్టాలె, బోరింగ్ అయితే పట్టే ముందు కొద్దిసేపు కొట్టి ఆ నిలువ నీళ్లు పారబొయ్యాలె. ఒక్కొక్క సీసా మీద ఊరు, జాగ, తారీఖు, టైము, ఎంత లోతు బోరు అన్నది తెలిస్తే అది. పాత బోరింగులు, పొలం బోర్లు, ఒక పాడువడ్డ మంచినీళ్ల బాయి, మిషన్ భగీరథ నల్లా, ఇంక ఊర్ల ట్రాలీ ఆటోల తెచ్చి అమ్ముతరు చూడుండ్రి ఫిల్టర్ క్యాన్లు, అవి గూడ పట్టిండ్రు. ఒక ఊర్ల ఒకాయన "మీరు మళ్ల పింఛన్ల సర్వేనా" అని ఎంటవడ్డడంట, కాదు తాతా నీళ్ల సర్వే అంటే "ఆ నీళ్ల సర్వేలు నా చిన్నప్పటి నుంచి అయితున్నయ్ బిడ్డా, సీసాలు కొంటవోతరు, మళ్ల ఎవరు రారు" అన్నడంట. ఆ మాట ఈ పిల్లకు బాగ తగిలినట్టున్నది, వచ్చినంక రెండు మూడుసార్లు చెప్పింది నాకు.

ఇగ ల్యాబ్ ముచ్చట. నాకు పదో తరగతి సైన్సే, కాని సాయంత్రం గిరాకి లేనప్పుడు చెప్పేది, నేను ఇనేటోన్ని. ఎర్రటి రంగు మందు ఒకటుంటది, స్పాడ్న్స్ అంటరు, దాంట్ల జిర్కోనియం కలిపి ఉంటది. నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటే ఆ జిర్కోనియంను గుంజుకుంటది, రంగు వెలుస్తది. ఎంత వెలిస్తే అంత ఫ్లోరైడ్ అన్నట్టు. 570 నానోమీటర్ల దగ్గర మిషన్ల రీడింగ్ తీసి, ముందే తెలిసిన లెక్క ద్రావణాలతోని గీసుకున్న గ్రాఫు మీద పెట్టి చూసుకోవాలె. లీటరుకు 1.4 మిల్లీగ్రాముల దాకనే ఆ పద్ధతి పని చేస్తది, అంతకంటె ఎక్కువుంటే డిస్టిల్డ్ వాటర్‌తోని పలుచన చేసి మళ్ల చూడాలె. మన దేశం లెక్కల 1 మిల్లీగ్రాము దాక మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాక సరేనన్నట్టు. వాళ్లూరి పాత బోరింగ్ నీళ్లు పోస్తే రంగు దాదాపు మొత్తం వెలిసిపోయిందంట. "ఏం లేదన్నా, బీకరు చూస్తుండంగనే తెల్లారిపోయినట్టు అయింది, అవే నీళ్లు నేను పన్నెండేండ్లు తాగిన" అన్నది. అట్లనే చెప్పింది, ఏడ్వలేదు ఏం లేదు, చెప్పుకుంటనే స్పైరల్ మిషన్ల పేపర్లు గుచ్చుతున్నది.

అసలు గొడవ ఎక్కడ వచ్చిందంటే భగీరథ నల్లా నీళ్ల కాడ. అవి కృష్ణా నీళ్లు, ఫ్లోరైడ్ తక్కువ ఉండాలె. వీళ్ల టెస్టుల ఎక్కువ చూపెట్టింది. టీముల ఇద్దరు "మస్తుంది, భగీరథల గూడ ఫ్లోరైడ్ అని పెడ్దాం, పేపర్ల వస్తది" అన్నరంట. ఇంకొకామె "అది తప్పు రీడింగ్, తీసేసి తక్కువ నంబర్ ఏసుకుందాం" అన్నదంట. మా పిల్ల రెండిటికి ఒప్పుకోలె. నాలుగు రోజులు దాని ఎంబడి పడ్డది, రాత్రి షాపు కట్టేసే టైముకు మా కంప్యూటర్‌ల కూసొని చదివేది, కరెంటు బిల్లు నాది. చివరికి దొరికింది ఏందంటే, నల్లా నీళ్లల్ల క్లోరిన్ కలుపుతరు కదా, ఆ క్లోరిన్ గూడ ఆ ఎర్ర రంగును వెలిపిస్తది. అంటే రంగు వెలిసింది ఫ్లోరైడ్‌తోని కాదు, క్లోరిన్‌తోని. దానికి సోడియం ఆర్సెనైట్ ఒక చుక్క ముందే ఏసి క్లోరిన్‌ను చంపాలెనంట, అది విషం కాబట్టి లెక్చరర్ సారే దగ్గరుండి ఏపిచ్చిండు. మళ్ల మొత్తం నల్లా సాంపిళ్లన్ని కొత్తగ పట్టుకొచ్చి చేస్తే అప్పుడు సరిగ్గ తక్కువ వచ్చింది. రిపోర్టుల ఆ తప్పు రీడింగ్ గూడ పెట్టింది, ఎందుకు తప్పయిందో రాసి. నేను అడిగిన, తప్పును ఎందుకు అచ్చేసుకుంటరు అని. "రేపు ఇంకొకళ్లు చేస్తే వాళ్లకు ఇదే తప్పు రాదు గదన్నా" అన్నది. పదహారేండ్లల్ల మా షాపుకెళ్లి పోయిన రిపోర్టులల్ల తప్పు అయింది అని రాసుకున్నది నేను చూసింది అదొక్కటే.

రెండో భాగం నల్లగొండ టెక్నిక్. ఇది చెప్తే మీరు నవ్వుతరు, నలభై నాలుగేండ్లు నల్లగొండల బతికి నాకు ఆ పేరు తెల్వదు. 1970లల్ల నాగపూర్‌ల ఉన్న నీరి అనే సంస్థోళ్లు కనిపెట్టిండ్రు, నీళ్లల్ల సున్నం, పటిక, ఇంత బ్లీచింగ్ పౌడర్ ఏసి, మెల్లగ కలిపి, ఒక గంట ఆపితే పటిక మడ్డితోని ఫ్లోరైడ్ గూడ కింద కూసుంటది, పైన తేట నీళ్లు వంచుకోవాలె. బకెట్‌ల గూడ చేసుకోవచ్చు. మన ఊరు పేరు పెట్టిన ఆ పద్ధతిని కెన్యా, టాంజానియా, ఇథియోపియాలల్ల గూడ వాడిండ్రంట. అక్కడ ఎవరో బడి పిల్లోడు నల్లగొండ అని పుస్తకంల చదువుతుంటడు, ఇక్కడ నేను నల్లగొండల కూసొని వేరేటోళ్ల ప్రాజెక్టులు అమ్ముకుంటున్న. వీళ్లు బీకర్లల్ల పటిక కొంచెం కొంచెం పెంచుకుంట చేసి చూసిండ్రు. పటిక పెరిగితే నీళ్లు పులుపుకు తిరుగుతయ్, అందుకే సున్నం. ఎక్కువైతే నీళ్లల్ల అల్యూమినియం మిగులుతది, రుచి మారుతది, ఆ మడ్డి ఎక్కడ పారబొయ్యాలె అన్నది ఇంకో తిప్పల. రోజు పొద్దున లేచి ఇదంత ఎవరు చేస్తరు, అందుకే ఊర్లల్ల నిలవలేదు అని రాసిండ్రు.

వాళ్లు చివరికి తేల్చింది నాకు అర్థమైన కాడికి ఇది. భగీరథ నల్లా నీళ్లు బాగనే ఉన్నయ్. కాని బోర్లల్ల ఫ్లోరైడ్ ఎక్కడికి పోలె. మా దిక్కు రాయే అసొంటిది, గ్రానైటు, ఆ రాయిలనే ఫ్లోరైడ్ ఉంది, నీళ్లు ఎంత లోతుల ఎంత కాలం రాయిని ఒరుసుకొని ఉంటే అంత కరిగి వస్తది, కాల్షియం తక్కువున్న నీళ్లల్ల ఇంకా ఎక్కువ కరుగుతది. మారింది మనం తాగే నీళ్లే. నల్లా రెండు రోజులు రాకపోతే జనం మళ్ల ఆ బోరింగ్ కాడికే పోతున్నరు. వాళ్లు ఊర్లల్ల అడిగి రాసుకున్న పేజీలల్ల అది ఉంది, నేను చదివిన. అవును, మొత్తం చదివిన. బైండింగ్‌కు పెట్టేముందు పేజీలు సరిజూస్తమని మొదలుపెట్టి అట్లనే కూసుండి డెబ్బై పేజీలు చదివిన, రాత్రి పదిన్నర అయింది, మా ఆవిడ ఫోన్ మీద ఫోన్.

ఆ బైండింగ్ నాడే అయింది మా ఇద్దరికి లడాయి. మొదటి పేజీలల్ల డిక్లరేషన్ అని ఒకటుంటది. ఆ పిల్ల దాన్ని చేతిల పట్టుకొని, "అన్నా, దీన్ల ఏముంటదో ఎన్నడన్న చదివినవా" అన్నది. ఏ, వేలకు వేలు కొట్టిన, చదివేదేముంది అన్న. "ఇది మా సొంత పని, ఇంతకు ముందు ఎవరు ఎక్కడ ఇయ్యలేదు అని ఉంటది" అన్నది. అని, కొద్దిసేపు ఆగి, "ఆ ఫైండ్ రీప్లేస్ పని ఇగ నాతోని చేపియ్యకు అన్నా, వేరే ఏ పనన్న చెప్పు" అన్నది. నాకు కోపమొచ్చింది. నిజం చెప్పాలంటే బాగనే వచ్చింది. జీతం ఇచ్చేటోన్ని నేను, కంప్యూటర్ నాది, ఆ ప్రాజెక్టుకు ప్రింటౌట్లు గూడ ఫ్రీగ ఇచ్చిన, నాకే నీతులా అని. రెండు రోజులు సరిగ్గ మాట్లాడలె. మూడో రోజు ఒక పిలగాడు వచ్చి ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు ఏమన్న ఉందా అన్నడు. నా కంప్యూటర్‌ల అప్పటికి నాలుగు ఉన్నయ్, మా పిల్లది కలిపి. ఆ పిల్ల కౌంటర్ కాడ్నే ఉంది, తల ఎత్తలేదు. లేదు తమ్మీ అన్న. ఆ రోజు ఆ ఒక్కనికే లేదన్న, అట్లని ఒక్కసారే మానేసిన అనుకునేరు, మానలె. ఆ సీజన్ల ఇంక చాన అమ్మిన, ఆ పిల్ల పొయినంక తొమ్మిదింటికి కూసొని నేనే ఫైండ్ రీప్లేస్ కొట్టేటోన్ని, దొంగ లెక్క. పూర్తిగ బంద్ పెట్టింది తర్వాతి ఏడు నుంచి. కిరాయికి తక్కువ పడ్డది, పడలేదని చెప్పను.

జిజ్ఞాసల వాళ్లది రాష్ట్ర స్థాయి దాక పోయింది. హైదరాబాద్ పోయి పీపీటీ చెప్పొచ్చిండ్రు. ఒక జడ్జి గారు "ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌తోని ఎందుకు చెయ్యలేదు, అది ఇంకా కరెక్టు గదా" అని అడిగితే మా పిల్ల "మా కాలేజీల లేదు సార్" అన్నదంట, అంతే, ఆయన గూడ ఇంకేం అడగలె. ప్రైజు రాలేదు. సర్టిఫికెట్లు తెచ్చుకున్నరు, నేనే లామినేషన్ చేసిచ్చిన. ఫిబ్రవరి 28 సైన్స్ డే నాడు మాత్రం వాళ్ల పోస్టర్‌కు ఫస్ట్ వచ్చింది, ఆ పోస్టర్ మన కలర్ ప్రింటర్ల పట్టక ముక్కలు ముక్కలుగ కొట్టి అతికిచ్చినం, దగ్గరికొచ్చి చూస్తే అతుకులు కనబడుతయ్.

ఆరు సెమిస్టర్లల్ల ఒక్క బ్యాక్‌లాగ్ లేదు. ఆఖరి సెమ్ రిజల్ట్స్ వచ్చిననాడు షాపుల మస్తు రష్, అందరి రిజల్ట్ తీసి ప్రింట్ ఇచ్చింది, ముప్పై మందివో నలభై మందివో, తనది మాత్రం సాయంత్రం గిరాకి తగ్గినంక చూసుకున్నది. సీజీపీఏ 8.7. తర్వాత పీజీ సీట్ల కోసం పెట్టే సీపీగెట్ పరీక్ష రాసింది, ఎమ్మెస్సీ కెమిస్ట్రీల ఉస్మానియాల సీటు. సీటు అలాట్‌మెంట్ ఆర్డర్ మా ప్రింటర్లకెళ్లి బయటికి వచ్చేటప్పుడు నేను చూసిన, దానికి పైసలు ఇయ్యబోయింది నాకు. రెండు రూపాయలు.

అప్పుడు అనుకున్న, ఫ్లెక్సీ కొట్టిద్దామని. మా ఊర్ల ఏమున్నా ఫ్లెక్సీయే గదా, పుట్టినరోజుకు, పెండ్లికి, పదవికి, ఊకెనే గూడ. నా దోస్తు ఒకడు ఫ్లెక్సీ షాపు పెట్టిండు, వాని దగ్గర డిజైన్ చేసే పిలగానికి మ్యాటర్ నేనే చెప్పిన, "నల్లగొండ ముద్దుబిడ్డ, యువ శాస్త్రవేత్త, ఫ్లోరైడ్ మహమ్మారిపై యుద్ధం ప్రకటించిన" అనుకుంట. డిజైన్ ఫోన్‌ల వచ్చింది, మంచిగనే అనిపిచ్చింది నాకు, వెనక సూర్యుడు, పక్కకు పరీక్ష నాళికలు, ఆ పిల్ల ఫోటో మధ్యల పెద్దగ. చూపెట్టిన. ఫస్టు శాస్త్రవేత్త తీసెయ్యమన్నది, డిగ్రీ చేస్తే శాస్త్రవేత్త ఎట్లయిత అన్నా అని. మహమ్మారి తీసేపిచ్చింది, అది రోగం కాదు రాయిల ఉన్న పదార్థం అన్నది. యుద్ధం తీసేపిచ్చింది. ముద్దుబిడ్డకు నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకొని. ఒక్కదాని ఫోటో ఎందుకు, అయిదుగురిది పెట్టు లేకపోతే వద్దు అన్నది. అన్నిటికి సరే అన్న. ఆఖరికి ఫోన్ దగ్గరికి పెట్టుకొని ఫోటో పెద్దగ చేసి చూసి, "పండ్లు ఎవరు మార్చిండ్రు" అన్నది.

నేను గమనించలేదు. డిజైన్ పిలగాడు అలవాటు కొద్ది తెల్లగ చేసిండు, వాడు అందరికి చేస్తడు, రంగు తెల్లగ, పండ్లు తెల్లగ, లీడర్లకైతే జుట్టు గూడ పెడ్తడు. నేను అదే చెప్పిన, బాగనే ఉంది గదా, అందరు చేపిచ్చుకునేదే అని. "ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేసిన అని కింద రాసి, పైన పండ్లు తెల్లగ పెడితే మా ఊరోళ్లు నవ్వుతరన్నా, ఉన్నట్టు పెట్టు" అన్నది. ఆ పిలగానికి ఫోన్ చేసి చెప్తే వానికి అర్థమే కాలె, "అన్నా, మళ్ల ఖరాబ్ చెయ్యాల్నా" అని మూడు సార్లు అడిగిండు. ఖరాబ్ కాదురా ఒరిజినల్ పెట్టు అన్న.

ఆదివారం సాయంత్రం షాపు తొందరగ బంద్ చేసి పెట్టుకున్నం. అయిదుగురు పిల్లలు, వాళ్ల లెక్చరర్ సారు, మా ఆవిడ, నా కొడుకు, పక్క టీ కొట్టాయన, ఇంకో నలుగురు. కేకు తెచ్చినం, మా ఆవిడ బిర్యానీ వండింది. మా పిల్ల వాళ్ల అమ్మానాయన మర్రిగూడ దిక్కు నుంచి బస్సుల వచ్చిండ్రు, ఆమె సర్వపిండి చేసుకొచ్చింది డబ్బాల. ఆయనను నేను చూసుడు అదే మొదటిసారి. మూడేండ్లల్ల ఎన్నడు నాయన గురించి ఎక్కువ చెప్పలేదు పిల్ల. యాభై గూడ ఉండయ్ ఆయనకు. కట్టె పట్టుకొని, నడుము వంగిపోయి, మెడ కట్టేసినట్టు, పక్కకు చూడాలన్నా మనిషి మొత్తం తిరగాలె. కుర్చీల కూసుండవెట్టినం. ఫ్లెక్సీ ఏమో షటర్ మీద, బోర్డుకు ఆనిచ్చి ఎత్తుల కట్టినం, రోడ్డుకెళ్లి పొయ్యేటోళ్లకు కనబడాలని. అందరు తలెత్తి చూస్తున్నరు, ఫోటోలు దిగుతున్నరు. ఆయన ముంగటికే చూస్తున్నడు. నాకు అర్థం కాలె ఫస్టు, ఏంది పెద్దాయన చూడనే చూస్తలేడు అనుకున్న. మా పిల్ల వచ్చి నా చెవుల, "అన్నా, నాయనకు మెడ లేవదు" అన్నది.

నేను, నా కొడుకు, టీ కొట్టాయన కలిసి నిచ్చెన ఏసి ఆ ఫ్లెక్సీ ఊడదీసినం. కింద, షటర్‌కు సగంల, కుర్చీల కూసున్న మనిషి కండ్లకు సరిగ్గ వచ్చేటట్టు కట్టినం. ఒక కొస చినిగింది తీసేటప్పుడు. ఆయన చదువుకున్నోడు కాదు, మా పిల్లనే పక్కన కూసొని వేలు పెట్టి చదివి చెప్పింది, ఇది నా పేరు, ఇది కాలేజీ పేరు, ఇది మనూరి నీళ్ల మీద చేసింది అని. ఆయన మొత్తం విని, "ఆ బోరింగ్ నీళ్లు ఎంత వచ్చినయ్" అని అడిగిండు. ఈ పిల్ల నంబర్ చెప్పింది. "ఎంతుండాలె" అన్నడు. చెప్పింది. ఆయన ఇంకేం అనలే, కొద్దిసేపయినంక కేకు తిన్నడు.

లెక్చరర్ సారు రెండు మాటలు మాట్లాడమంటే మా ఆవిడ మాట్లాడింది, నాకు నోరు రాలె. జీతం కాకుండ పది వేలు కవర్ల పెట్టి ఇచ్చినం, హాస్టల్ ఖర్చులకని. వద్దంటే మా ఆవిడ వినలేదు. నేను ఇచ్చింది వేరే, వాళ్ల రిపోర్టు ఒక కాపీ మంచి గట్టి అట్టతోని, బంగారు అక్షరాలతోని బైండింగ్ చేపిచ్చిన, హైదరాబాద్‌ల. అసొంటిది మా షాపుల కాదు. ఇంకోటి మా షాపుల పెట్టుకున్న, స్పైరల్‌దే.

ఇప్పుడు ఉస్మానియాల ఉంది. పోయిన నెల ఫోన్ చేసింది, వాళ్ల డిపార్ట్‌మెంట్ల ఎలక్ట్రోడ్ ఉన్నదంట, మన పాత సాంపిల్ సీసాలు షాపు అటకమీద పెట్టినం గదన్నా ఉన్నయా పారేసినవా అని అడిగింది. ఉన్నయ్. అన్ని రోజులు నిలువ ఉన్న నీళ్లు పనికొస్తయో లేదో, కొత్తయే పట్టాల్నేమో అని తనే అన్నది, అయినా పారెయ్యకు అన్నది.

షాపుల మనిషి కావాలె నాకు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర, ఆదివారం పూర్తిగ, జీతం ఆరు వేలు, పరీక్షలప్పుడు సెలవులు ఇస్త, పైసలు కట్ చెయ్య. డిగ్రీ చదివే పిల్లలెవరన్న ఉంటే పంపియ్యండి. ప్రాజెక్టుల సాఫ్ట్ కాపీల కోసం అయితే రావద్దు, లేవు.